వంద కోట్లలో ఇరవై పాళ్లు

వాహనాల పొగలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో చూసే యంత్రాల్లో ఒక చిన్న కిటుకు ఉంటుంది. పొగలోకి ఓజోన్‌ను వదులుతారు. నైట్రిక్ ఆక్సైడ్ అణువు ఓజోన్‌ను తాకగానే నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతూ ఒక్కసారి మిణుకుమంటుంది. ఆ వెలుగును లెక్కిస్తే వాయువు ఎంతుందో తెలిసిపోతుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో లార్స్ గుస్తాఫ్‌సన్ బృందం 1991లో ఈ పద్ధతితోనే ఊపిరిని పరీక్షించింది. కుందేళ్లు, గినీ పందులు, మనుషులు వదిలిన ఊపిరి. అన్నిటిలోనూ నైట్రిక్ ఆక్సైడ్ కనిపించింది.

ఉన్నది చాలా కొంచెమే. ఆరోగ్యవంతుడు వదిలిన వంద కోట్ల పాళ్ల ఊపిరిలో దాని వాటా పది, ఇరవై పాళ్లు. వైద్యులు దీన్ని పీపీబీలలో చెబుతారు. పళ్లు పీకేటప్పుడు మత్తుకు ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్ దీనికి దూరపు చుట్టం మాత్రమే. ఆ వాయువులో నైట్రోజన్ పరమాణువులు రెండు, దీనిలో ఒకటే. దీనికి ఒక ఎలక్ట్రాన్ జతలేక మిగిలిపోయింది కాబట్టి నిలకడ ఉండదు, దొరికిన దాన్నల్లా పట్టుకుంటుంది. శరీరంలో దాని ఆయువు కొన్ని క్షణాలు. పట్టణాల గాలిని పాడు చేసే వాయువుల జాబితాలో దాని పేరు ఎప్పటి నుంచో ఉంది. అలాంటిది మన ఊపిరిలో ఏం చేస్తోంది, ఎక్కడి నుంచి వస్తోంది?

అంతకు పదేళ్ల ముందే రక్తనాళాల మీద పనిచేసేవాళ్లు దీని దారి పట్టారు. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో ఒక సంగతి గమనించాడు. రక్తనాళం లోపలి పొర చెదిరిపోతే ఆ నాళం సడలడం మానేస్తుంది. అంటే ఆ పొర ఏదో పంపుతోందన్నమాట. ఆ పంపేది నైట్రిక్ ఆక్సైడేనని 1987 నాటికి తేలింది. 1992లో ‘సైన్స్’ పత్రిక దాన్ని ఆ ఏటి అణువుగా ప్రకటించింది. 1998లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. డైనమైట్‌లోని నైట్రోగ్లిజరిన్‌తో డబ్బు గడించిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో గుండెనొప్పికి వైద్యులు రాసింది ఆ నైట్రోగ్లిజరినే. అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌ను వదిలి పనిచేస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు. ఈ కథ చాలా పుస్తకాల్లో ఉంది కనుక ఇక్కడితో వదిలేసి ఊపిరితిత్తుల్లోకి వెళదాం.

శరీరం ఈ వాయువును ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తీస్తుంది. వేరుశనగ గింజల్లో ఆర్జినిన్ దండిగా ఉంటుంది. ఆర్జినిన్ కొస నుంచి ఒక నైట్రోజన్‌ను తెంపి, దానికి ఆక్సిజన్‌ను కలిపితే నైట్రిక్ ఆక్సైడ్ బయటపడుతుంది. మిగిలే ముక్క సిట్రులిన్, తొలిసారి పుచ్చకాయ రసంలో దొరికిన పదార్థం. ఈ కోతకూ కూర్పుకూ ఒక ఎంజైమ్ కావాలి. దాని పూర్తి పేరు నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్. ప్రయోగశాలల్లో పొట్టిగా నాస్ అంటారు. దాని నిర్మాణం చిత్రమైనది. రెండు ఒకేలాంటి ప్రొటీన్ గొలుసులు జతకడితే గానీ అది పనిచేయదు. ప్రతి గొలుసులో ఒక సగం ఎలక్ట్రాన్లను సేకరిస్తుంది, రెండో సగంలో రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఉన్నట్టే ఇనుము పొదిగిన హీమ్ ఉంటుంది. ఒక గొలుసు సేకరించిన ఎలక్ట్రాన్లు తన హీమ్‌కు కాకుండా జతగాడి హీమ్‌కు వెళతాయి. ఒంటరి గొలుసు ఎంత ఉన్నా వృథా.

మనుషుల్లో నాస్‌ను చేసే జన్యువులు మూడు. ఒకటి నాడీకణాల్లో మొదట దొరికింది, 12వ క్రోమోజోమ్ మీద ఉంది. ఇంకొకటి రక్తనాళాల లోపొరది, 7వ క్రోమోజోమ్ మీద ఉంది. ఈ రెండూ కణంలో కాల్షియం పెరిగినప్పుడు కాసేపు పనిచేసి, తగ్గగానే ఆగిపోతాయి. మూడోది 17వ క్రోమోజోమ్ మీద ఉంది, దాన్ని ఐనాస్ అంటారు. కాల్షియం కబురు తెచ్చే కాల్‌మోడ్యులిన్ అనే ప్రొటీన్ దీనికి మొదటి నుంచీ గట్టిగా అతుక్కునే ఉంటుంది. అందుకని కాల్షియం తగ్గినా ఇది ఆగదు. మొదటి రెండూ తిప్పితే వచ్చి కట్టితే ఆగే కొళాయిలైతే, ఐనాస్ తిప్పుడు పిడి ఊడిపోయిన కొళాయి. ఒకసారి అమర్చాక నీళ్లు ధారగా పోతూనే ఉంటాయి. ఆపాలంటే అసలు అమర్చకుండా ఉండాలి. అంటే జన్యువు దగ్గరే అదుపు ఉండాలి. ఊపిరితిత్తుల కథంతా ఈ అదుపు గురించినదే.

ఐనాస్ మొదట బాగా తెలిసింది ఎలుకల నుంచి. ఎలుక మాక్రోఫేజ్‌లు, అంటే సూక్ష్మజీవులను మింగే రక్షణ కణాలు, మామూలుగా ఉన్నప్పుడు ఐనాస్ ఆనవాలే చూపవు. వాటికి బ్యాక్టీరియా గోడ ముక్కను, ఇంటర్‌ఫెరాన్ గామాను చూపిస్తే కొన్ని గంటల్లో ఐనాస్‌తో నిండిపోయి నైట్రిక్ ఆక్సైడ్‌ను గుమ్మరిస్తాయి. చుట్టూ ఉన్న సూక్ష్మజీవులు దానికి చస్తాయి. 1992లో ఆ ఎలుక జన్యువును వేరుచేశారు. శత్రువు వస్తే పుట్టే ఎంజైమ్, లేకపోతే ఉండని ఎంజైమ్ అన్న అభిప్రాయం అక్కడ స్థిరపడింది. మనిషి మాక్రోఫేజ్‌లతోనూ అదే చేయబోతే చాలా ప్రయోగశాలలు ఖాళీ చేతులతో మిగిలాయి. ఎలుకను లేపే మిశ్రమానికి మనిషి మాక్రోఫేజ్ పలకలేదు. అసలు మనుషుల్లో ఈ జన్యువుకు పని ఉందా అని వాదనలు లేచాయి. 1993లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు మనిషి ఐనాస్‌ను కాలేయ కణాల నుంచి వేరుచేశాకే ఆ సందేహం చల్లారింది.

ఆ తర్వాత దృష్టి ఊపిరితిత్తుల లోపలి పొర మీదికి మళ్లింది. మనం పీల్చే గాలి మొదట తాకేది ఈ ఎపిథీలియల్ కణాలనే. శ్వాసనాళాల్లో ఇవి పొడుగ్గా, ఒత్తుగా నిలబడి ఉంటాయి. చాలావాటి తలమీద శైలికలు ఉంటాయి. దుమ్మూ కఫమూ గొంతు వైపు పోయేలా ఆ సన్నని వెంట్రుకలు నిరంతరం కొట్టుకుంటాయి. వాటి మధ్య శ్లేష్మం స్రవించే కణాలు, అడుగున కొత్త కణాలను పుట్టించే కణాలు. ఇంకా లోతుకు వెళితే గాలిగదులు. అక్కడి పొర ఎంత పలచనంటే దాని అవతల రక్తం, ఇవతల గాలి.

పరిశోధకుడికి ఈ కణాలు కావాలంటే అప్పట్లో సులువైన దారులు రెండు. మొదటిది ఎ549. 58 ఏళ్ల మగమనిషి ఊపిరితిత్తి క్యాన్సర్ గడ్డ నుంచి తీసి 1972లో పెంచడం మొదలుపెట్టిన ఈ కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ప్లాస్టిక్ పళ్లేలలో విభజన చెందుతూనే ఉన్నాయి. రెండోది బీస్-2బి. ఇవి ఆరోగ్యకరమైన శ్వాసనాళం కణాలే గానీ, వైరస్ జన్యువులు చొప్పించి చావు లేకుండా చేసినవి. ఎదురుతిరగని పనివాళ్లలాంటి కణాలు రెండూ. చవక, నమ్మకం, ఎప్పుడంటే అప్పుడు సిద్ధం. ఇబ్బందల్లా ఒకటే, రెండిటిలో ఏదీ మనిషి ఊపిరితిత్తిలో ఉండే కణం కాదు.

ప్రయోగం ఇలా సాగుతుంది. కణాలు పళ్లెం అడుగంతా పరుచుకున్నాక వాటి మీది ద్రవంలో మూడు సైటోకైన్లు కలుపుతారు. ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ఆల్ఫా. ఒంట్లో వాపు పుట్టినప్పుడు కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు ఇవి. ఏదో ఒక్కటి ఇస్తే కణాలు పెద్దగా కదలవు. మూడూ కలిస్తే కొద్ది గంటల్లో ఐనాస్ సందేశ ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తుంది, ఆ వెనకే ప్రొటీన్. నైట్రిక్ ఆక్సైడ్ తానుగా ద్రవంలో నిలవదు, నైట్రైట్‌గా మారి పోగవుతుంది. మర్నాడు ఆ ద్రవంలో గ్రీస్ కారకం చుక్కలు వేస్తే గులాబీ రంగు తేలుతుంది. యోహాన్ పీటర్ గ్రీస్ అనే రసాయనవేత్త 19వ శతాబ్దంలో కనిపెట్టిన పరీక్ష అది, నీళ్లలో నైట్రైట్ చూడటానికి ఈనాటికీ వాడేది. కోట్ల రూపాయల యంత్రాలున్న ప్రయోగశాలల్లో కూడా విద్యార్థి మొదట చూసేది ఆ గులాబీ రంగునే.

ఇలాంటి ఫలితాలు 1994లో ఒకేసారి కుప్పగా వచ్చాయి. నెబ్రాస్కాలో రిచర్డ్ రాబిన్స్ బృందం మనిషి ఊపిరితిత్తుల ఎపిథీలియల్ కణాలు సైటోకైన్లకు ఐనాస్‌తో బదులిస్తాయని చూపింది. బోస్టన్‌లో అసానో, డ్రేజన్, స్టామ్లర్ తదితరులు ఆ కణాల్లో ఎప్పుడూ ఉండే నాస్, ప్రేరేపిస్తే పుట్టే నాస్ రెండూ ఉన్నాయని తేల్చారు. అంటే మనిషిలో ఈ జన్యువు మొద్దుబారలేదు. మాక్రోఫేజ్ దగ్గర వెతకడం వల్ల దొరకలేదు, అంతే. ఎలుకలో సంచార సైనికుడు చేసే పనిని మనిషిలో గోడే చేస్తోంది.

గోడను కదిలించడానికి మూడు కబుర్లు ఎందుకు కావాలో 1996లో కొంత తెలిసింది. ఏ జన్యువుకైనా ముందుభాగంలో దాన్ని ఎప్పుడు చదవాలో నిర్ణయించే డీఎన్‌ఏ ఉంటుంది. ఎలుక ఐనాస్‌కు సుమారు వెయ్యి అక్షరాల ముందుభాగం చాలు, సంకేతం అందగానే జన్యువు మేల్కొంటుంది. పిట్స్‌బర్గ్ బృందం మనిషి జన్యువు ముందుభాగాన్ని రకరకాల పొడవుల్లో కోసి ఎ549 కణాల్లోనూ కాలేయ కణాల్లోనూ పెట్టి చూసింది. 3,800 అక్షరాల దాకా తీసుకున్నా సైటోకైన్లకు చలనం లేదు. 5,800కు వచ్చేసరికి కదిలింది. 16,000 దాకా పోతే ఇంకా బాగా పలికింది. మనిషి ఈ జన్యువు మీద అదుపును అంత దూరం దాకా పరిచి పెట్టుకున్నాడు. ఎలుకల్లో పనిచేసిన మందు మనుషుల్లో ఎందుకు పనిచేయలేదని ప్రతి దశాబ్దంలో ఎవరో ఒకరు ఆశ్చర్యపోతూనే ఉంటారు. ఆ ఆశ్చర్యానికి ఈ ఒక్క జన్యువు ముందుభాగం చాలినంత సమాధానం చెబుతుంది.

ఇంతవరకూ కథ సాఫీగానే ఉంది. శత్రువు రావాలి, మూడు కబుర్లు అందాలి, అప్పుడు ఐనాస్ పుడుతుంది. 1995లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో సెర్పిల్ ఎర్జురుమ్ బృందం దీన్ని తలకిందులు చేసింది. వాళ్లు పెంపుడు కణాల జోలికి పోలేదు. ఏ జబ్బూ లేని, పొగతాగని మనుషుల శ్వాసనాళాల్లోకి బ్రాంకోస్కోపు దించి, చిన్న కుంచెతో గోడను రుద్ది కణాలు తెచ్చారు. అప్పటికప్పుడు చూస్తే వాటిలో ఐనాస్ సందేశం దండిగా ఉంది. ఇన్‌ఫెక్షన్ లేదు, వాపు లేదు, ఎవరూ సైటోకైన్లు పోయలేదు. ఆ కణాలనే పళ్లెంలో పెంచితే సందేశం త్వరలోనే మాయమైపోయింది.

నా దృష్టిలో ఈ అధ్యాయంలోని అసలు సంగతి ఇదే. శ్వాసనాళపు గోడ ఐనాస్‌ను ఆపదలో మాత్రమే తీసే ఆయుధంగా వాడటం లేదు, రోజూ నడుపుతోంది. పళ్లెంలో కనిపించిన ‘నిద్రలో ఉన్న కణం’ ఇంటికి దూరమైన కణం. ఒంట్లో ఉన్నప్పుడు దానికి నిత్యం ఏదో కబురు అందుతోంది, పళ్లెంలో ఆ కబురు లేదు. మనం మూడు సైటోకైన్లు పోసి లేపామనుకుంటున్నది, పోగొట్టిన దానిలో కొంత తిరిగి ఇవ్వడం కావచ్చు. పళ్లెంలో వచ్చిన ఫలితాలు తప్పని దీనర్థం కాదు. పరిశోధకులు కొలిచింది నిజమే. దాన్ని ఏ కణానికి, ఏ చోటికి అన్వయిస్తున్నామన్నదే చూసుకోవాలి.

ఆ కబురేమిటి? క్లీవ్‌లాండ్ బృందమే 1997లో కొంత దారి చూపింది. ఇంటర్‌ఫెరాన్ గామాకు ఇంటర్‌ల్యూకిన్-4 తోడైతే శ్వాసనాళపు కణాల్లో ఐనాస్ రోజుల తరబడి నిలిచింది. విచిత్రమేమంటే, అలా ప్రేరేపించిన కణాల మీది ద్రవాన్ని తీసి వేరే కణాల మీద పోస్తే అవి కూడా ఐనాస్‌ను చేయసాగాయి. కణాలు తమలో తాము ఏదో స్రవించుకుని ఒకదాన్నొకటి మేల్కొలుపుకుంటున్నాయి. పక్కపక్కన, ఒత్తుగా, పైన గాలీ కింద రక్తమూ ఉన్న చోట ఆ మాట సాగుతుంది. పళ్లెంలోని ద్రవంలో పలచబడితే సాగకపోవచ్చు. తర్వాతి కాలంలో కణాల పైభాగాన్ని గాలికి వదిలి, అడుగు నుంచి మాత్రమే పోషకాలు ఇచ్చే పెంపకం పద్ధతి వాడుకలోకి వచ్చింది. అలా పెంచితే కొన్ని వారాల్లో శైలికలు మొలుస్తాయి, శ్లేష్మం పుడుతుంది. ఎ549 పళ్లెం కన్నా ఇది ఖరీదు, ఓపిక కూడా కావాలి.

రోజూ ఇంత వాయువు ఎందుకు? ఒక కారణం శైలికలు. నైట్రిక్ ఆక్సైడ్ వాటి కొట్టుకునే వేగాన్ని పెంచే సంకేతాల్లో ఒకటి. ఇంకొకటి వైరస్‌లు. జలుబు తెచ్చే రైనోవైరస్‌కు కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటే తన నకళ్లు తీసుకోవడం కష్టమవుతుందని ప్రయోగాలు చూపాయి. ముక్కు పక్కనున్న సైనస్‌లలో ఈ వాయువు వేల పీపీబీలలో ఉంటుందని 1995లో జాన్ లుండ్‌బర్గ్ తదితరులు కనుగొన్నారు. ఆ గదులు ఎప్పుడూ శుభ్రంగా ఎలా ఉంటాయన్న పాత ప్రశ్నకు ఇదొక జవాబు. 2002లో ఎడ్డీ వైట్జ్‌బర్గ్, లుండ్‌బర్గ్ మనుషులను నోరు మూసుకుని ‘మ్‌…’ అని కూనిరాగం తీయమన్నారు. మామూలుగా ముక్కుతో వదిలినప్పటికన్నా 15 రెట్లు నైట్రిక్ ఆక్సైడ్ బయటికి వచ్చింది. ఆ కంపనానికి సైనస్‌లలోని గాలి కదిలి ముక్కులోకి వస్తుంది. మన భ్రామరి ప్రాణాయామంలో చేసేది దాదాపు ఇదే కనుక, దీన్ని పట్టుకుని సర్వరోగ నివారిణి ప్రచారాలు చాలా బయలుదేరాయి. ఆ ప్రయోగం చూపింది సైనస్ గాలి కదులుతుందని మాత్రమే.

వాయువు లేకపోవడమూ ఒక సాక్ష్యమే. శైలికలు పుట్టుకతోనే సరిగా పనిచేయని పిల్లలుంటారు. ఎప్పుడూ తడిదగ్గు, ముక్కు కారడం, చెవిపోటు. వాళ్ల ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ వింతగా తక్కువ. ఈ జబ్బును గుర్తించే పరీక్షల్లో అదొకటి అయ్యింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ల శ్వాసనాళపు గోడలో ఐనాసే తగ్గిపోతుంది. ఊపిరితిత్తుల నిండా ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నా ఊపిరిలో వాయువు పెరగదు. పొగతాగేవాళ్లలోనూ తక్కువే. పొగలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుంది కనుక ఊపిరిలో ఎక్కువ ఉంటుందనుకుంటాం, జరిగేది దానికి వ్యతిరేకం.

ఎక్కువయ్యేది ఉబ్బసంలో. 1993లో కరోలిన్‌స్కాలోనే ఆల్వింగ్ బృందం, మరుసటి ఏడాది లండన్‌లో ఖరిటోనోవ్, బార్న్స్ తదితరులు ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి ఉంటుందని చూపారు. 1993లోనే లండన్ నుంచి మరో పరిశీలన వచ్చింది. శ్వాసనాళపు గోడ నుంచి చిన్న ముక్కలు తీసి యాంటీబాడీలతో రంగు వేస్తే, ఉబ్బసం ఉన్నవారిలో దాదాపు అందరి ఎపిథీలియంలోనూ ఐనాస్ కనిపించింది. ఉబ్బసం లేనివారిలో ఏ ఒకరిద్దరిలోనో. క్లీవ్‌లాండ్ బృందం ఆరోగ్యవంతుల్లో చూసినదానికీ దీనికీ పొత్తు కుదరదనిపిస్తుంది. ఒకరు యాంటీబాడీ రంగుతో ప్రొటీన్‌ను వెతికారు, ఇంకొకరు కుంచెతో తెచ్చిన తాజా కణాల్లో సందేశాన్ని కొలిచారు. కొంచెంగా ఉన్నది మొదటి పద్ధతికి చిక్కకపోవచ్చు. ఆరోగ్యవంతుల్లో ఉంది, ఉబ్బసంలో ఇంకా ఎక్కువ ఉంది అనుకుంటే రెండూ ఒద్దికగా సర్దుకుంటాయి.

ఆ పెరుగుదలను నడిపేవి అలర్జీకి సంబంధించిన ఇంటర్‌ల్యూకిన్-4, 13. అవి ఎపిథీలియంలో ఐనాస్‌ను పెంచుతాయి, ఊపిరి దాన్ని బయటికి మోసుకొస్తుంది. ఊపిరిలోని వాయువు గాలిగదుల నుంచి కాకుండా శ్వాసనాళపు గోడల నుంచే వస్తోందని ఎలా చెప్పగలం? మెల్లగా ఊదితే అంకె పెరుగుతుంది, వేగంగా ఊదితే తగ్గుతుంది. గోడ నుంచి వాయువు ఊరుతూ ఉంటే, మెల్లగా కదిలే గాలి దాన్ని ఎక్కువ పోగుచేసుకుంటుంది. గాలిగదుల్లో పుట్టినదాన్ని పక్కనే పారే రక్తంలోని హీమోగ్లోబిన్ క్షణంలో మింగేస్తుంది. అందుకే పరీక్షలో సెకనుకు 50 మిల్లీలీటర్ల వేగంతోనే ఊదమంటారు, అదీ కొంచెం అడ్డంకికి ఎదురుగా. అడ్డంకి ఉంటే అంగిలి వెనక మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది, సైనస్‌ల వాయువు కలవదు. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011 సూచనల ప్రకారం పెద్దవాళ్లలో 25 పీపీబీ లోపు ఉంటే అలర్జీ తరహా వాపు ఉండే అవకాశం తక్కువ, 50 దాటితే ఎక్కువ. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఆ గీతలు 20, 35. మన నగరాల్లోనూ కొన్ని ఛాతీ వైద్యశాలల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. మధ్యాహ్నం పాలకూర పప్పు గట్టిగా తిని వెళ్లకుండా ఉంటే మంచిది. ఆ ఆకులోని నైట్రేట్ అంకెను పైకి లాగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉబ్బసంలో వాయువు పెరిగితే జబ్బుకు కారణం అదేనా? అలా అనుకోవడానికి ఆధారం లేకపోలేదు. నైట్రిక్ ఆక్సైడ్ సూపరాక్సైడ్‌తో కలిస్తే పెరాక్సీనైట్రైట్ అనే చురుకైన విషం పుడుతుంది. అది ప్రొటీన్లను నైట్రేషన్ చేసి పాడుచేస్తుంది, ఆ మచ్చలు ఉబ్బసం ఊపిరితిత్తుల్లో కనిపించాయి కూడా. అందుకని ఐనాస్‌ను మాత్రమే ఆపే ఒక మందును ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇచ్చి చూశారు. 2007లో ఫలితం వచ్చింది. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ బాగా పడిపోయింది. అలర్జీ కారకాన్ని పీల్పించినప్పుడు శ్వాసనాళాలు బిగుసుకోవడం మాత్రం ఏమాత్రం తగ్గలేదు. ఐనాస్ ఉబ్బసానికి గుర్తే గానీ కారణమని చెప్పడానికి వీల్లేదని చాలామంది అప్పటికి ఒప్పుకున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఇంకోవైపు ఇదే వాయువును 20 పీపీఎం, అంటే ఊపిరిలో ఉండేదానికి వెయ్యి రెట్ల సాంద్రతతో, ఊపిరితిత్తుల రక్తపోటుతో ఊపిరాడక నీలిపడిన నవజాత శిశువులకు పట్టించడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే అనుమతిచ్చింది.

గుర్తుగా మాత్రం ఐనాస్ ఉపయోగాలు చాలానే ఉన్నాయి. ఇన్‌హేలర్‌లో పీల్చే స్టెరాయిడ్ ఎపిథీలియంలో ఐనాస్ జన్యువును అణచేస్తుంది, రోజుల్లోనే ఊపిరిలోని అంకె దిగుతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ వాడుతున్నానని చెప్పే రోగి ఊపిరిలో 80, 90 పీపీబీ కనిపిస్తే వైద్యుడికి రెండు అనుమానాలు రావాలి. మందు పనిచేయడం లేదా, లేక ఇన్‌హేలర్ అలమరాలోనే ఉందా? దీన్ని తేల్చడానికి కొన్ని ఆసుపత్రులు వారం రోజుల పాటు మందును తమ కళ్లముందే పీల్పించి మళ్లీ ఊదిస్తాయి. అంకె జారిపోతే ఇన్నాళ్లూ మందు ఊపిరితిత్తులకు చేరలేదన్నమాట. జారకపోతే ఇంటర్‌ల్యూకిన్-4, 13 సంకేతాలను ఆపే ఇంజెక్షన్ల గురించి ఆలోచిస్తారు. ఆ ఇంజెక్షన్ పడ్డ రోగి ఊపిరిలోనూ నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, ఎందుకంటే గోడకు అందుతున్న కబురే అక్కడ ఆగిపోయింది.